కూలివాడే యజమాని కావాలన్న మిల్లు దొర
సహకారోద్యమానికి దారి చూపిన రాబర్ట్ ఓవెన్ జీవితం

ఎరువు బస్తాకో, పంట అప్పుకో సహకార సంఘం గడప తొక్కని రైతు మన పల్లెల్లో అరుదు. చేనేత సంఘం, పాల సంఘం, గీత కార్మికుల సంఘం, మత్స్యకారుల సంఘం ఇలా పేరు ఏదైనా వాటి వెనుక ఉన్న ఆలోచన ఒక్కటే. విడివిడిగా బలం లేనివారు తలా ఇంత వేసుకుని, ఒక్కటై, తమ పని తామే నడుపుకోవాలన్నదే ఆ ఆలోచన. దీన్ని లోకానికి గట్టిగా చెప్పినవారిలో మొదటి వరుసలో నిలిచే మనిషి రాబర్ట్ ఓవెన్.

ఓవెన్ కూలి కోసం పోరాడిన కార్మికుడు కాదు. నూలు మిల్లుకు యజమాని. యజమానిగా ఉంటూనే, యజమాని లాభం ఎక్కడి నుంచి వస్తున్నదో లెక్క వేసి నలుగురిలో చెప్పారు. అలా చెప్పినందుకు పలుకుబడి పోగొట్టుకున్నారు. చెప్పింది చేసి చూపించబోయి ఆస్తి పోగొట్టుకున్నారు. ఆయన చేతులతో పెట్టినవి చాలావరకు కూలిపోయాయి. ఆయన మాట విని కూలిజనం తమంతట తాము పెట్టుకున్నవి నిలిచాయి. ఆయన జీవితంలో సంఘ సభ్యులు నేర్చుకోవలసింది ఇదే.

నలభై షిల్లింగులతో లండనుకు

ఓవెన్ 1771 మే 14న బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంలో న్యూటౌన్ అనే చిన్న ఊరిలో పుట్టారు. తండ్రి గుర్రపు జీనులు కుట్టి, ఇనుప సామాను అమ్మేవాడు. ఊరి తపాలా పని కూడా ఆయనదే. తల్లి రైతు కుటుంబం ఆడపడుచు. ఏడుగురు పిల్లల్లో ఓవెన్ ఆరోవాడు.

చిన్నప్పుడు ఒకరోజు బడికి అందరికన్నా ముందు చేరాలన్న తొందరలో కాగే జావను గబుక్కున మింగాడు. కడుపు కాలి స్పృహ తప్పింది. అప్పటి నుంచి ఏది పడితే అది తింటే పడేది కాదు. దేనివల్ల ఏమి జరుగుతుందో జాగ్రత్తగా గమనించటం తనకు ఆ దెబ్బతోనే అలవాటయిందని పెద్దయ్యాక ఆయన రాసుకున్నారు.

ఏడేళ్ళకే పాఠాలన్నీ వచ్చేయటంతో బడిపంతులు అతన్ని చిన్నపిల్లలకు చదువు చెప్పే పనిలో పెట్టాడు. అతని బడి చదువు అంతటితో సరి. పదేళ్ళ వయసులో నలభై షిల్లింగులు జేబులో వేసుకుని లండన్‌లో ఉన్న అన్న దగ్గరకు ప్రయాణమయ్యాడు. అక్కడి నుంచి స్టామ్‌ఫర్డ్ అనే ఊళ్ళో మెక్‌గఫాగ్ అనే బట్టల వర్తకుని కొట్టులో కుదిరాడు. మొదటి ఏడు తిండి, పడక తప్ప జీతం లేదు. రెండో ఏడు 8 పౌన్లు, మూడో ఏడు 10 పౌన్లు. ఏ గుడ్డ మేలైనదో, ఏది నాసిదో చేత్తో తడిమి చెప్పటం అక్కడే వచ్చింది. యజమాని ఇంట్లో మంచి పుస్తకాలు ఉండేవి. రోజుకు ఐదు గంటలు చదివేవాడు.

తర్వాత లండన్ వంతెన దగ్గర మరో బట్టల కొట్టు. బేరాల రోజుల్లో పొద్దున మొదలైన పని అర్ధరాత్రి దాటి రెండింటి దాకా సాగేది. పడుకోవటానికి మేడ మీదికి వెళ్ళాలంటే మెట్ల పక్క కమ్మీ పట్టుకుని ఈడ్చుకుంటూ ఎక్కవలసి వచ్చేది. గొడ్డు చాకిరీ అంటే ఏమిటో ఆ కుర్రవాడికి మరొకరు చెప్పనక్కర లేకపోయింది.

ఇరవై ఏళ్ళకు మేనేజరు

ఆ రోజుల్లో మాంచెస్టర్ పట్నం దూదితో, దారంతో మారుమోగుతున్నది. ఇంటింటా రాట్నం మీద వడికే దారాన్ని యంత్రాలు వడకటం మొదలుపెట్టాయి. ఓవెన్ మాంచెస్టర్ చేరి, అన్న దగ్గర 100 పౌన్లు అప్పు తెచ్చి, ఒక పనివాడితో కలిసి దారం వడికే యంత్రాలు తయారుచేయించే వ్యాపారం పెట్టాడు. పొత్తు విడిపోయాక వాటాగా వచ్చిన మూడు యంత్రాలతో సొంతంగా దారం తీసి వారానికి 6 పౌన్ల దాకా లాభం సంపాదించాడు.

ఇంతలో డ్రింక్‌వాటర్ అనే సంపన్నుడు తన మిల్లుకు మేనేజరు కావాలని పత్రికలో ప్రకటన ఇచ్చాడు. ఓవెన్ వెళ్ళాడు. వయసెంత అని అడిగితే ఇరవై అన్నాడు. వారానికి ఎన్నిసార్లు తాగుతావు అని అడిగితే సిగ్గుతో ఎర్రబడి, పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి కూడా తాగి పడిపోలేదన్నాడు. జీతం ఎంత అంటే ఏడాదికి 300 పౌన్లు అన్నాడు. ఆ పొద్దున వచ్చినవాళ్ళంతా కలిసి కూడా అంత అడగలేదని దొర విస్తుపోయాడు. సొంత వ్యాపారంలో తనకు అంత వస్తున్నదని ఓవెన్ లెక్కల పుస్తకం చూపించాడు. ఉద్యోగం దొరికింది.

అయిదు వందల మంది పనివాళ్ళున్న ఆ మిల్లులో మొదటి ఆరు వారాలు ఎవరికీ ఏ ఆజ్ఞా ఇవ్వలేదు. పొద్దున తలుపులు తెరిచేటప్పుడు వచ్చి, రాత్రి మూసేదాకా ఉండి, ప్రతి పనినీ చూసి నేర్చుకున్నాడు. ఆ తర్వాత ఆ మిల్లు నుంచి వచ్చిన సన్నదారానికి బజారులో పేరు మోగింది.

ఈ యంత్రాల దారం, యంత్రాల గుడ్డ తర్వాతి కాలంలో ఓడలెక్కి మన తీరానికీ వచ్చాయి. మచిలీపట్నం, గోదావరి, విశాఖ ప్రాంతాల నేత గుడ్డలకు విదేశాల్లో ఉన్న గిరాకీ 19వ శతాబ్దంలో పడిపోయింది. ఎందరో నేతగాళ్ళు మగ్గం వదిలి కూలికి పోవలసి వచ్చింది. అక్కడ మిల్లులో నలిగిన పసివాడి బతుకూ, ఇక్కడ మగ్గం ఆగిన నేతగాడి బతుకూ ఒకే దారపు రెండు కొసలు.

న్యూ లానార్క్ మిల్లు

స్కాట్లాండులో క్లైడ్ నది జలపాతాల పక్కన న్యూ లానార్క్ అనే మిల్లు ఊరు ఉంది. నది నీటి వేగంతోనే అక్కడి యంత్రాలు తిరిగేవి. దాని యజమాని డేవిడ్ డేల్. వ్యాపారం మీద వెళ్ళిన ఓవెన్‌కు డేల్ గారి కుమార్తె కరొలైన్‌తో పరిచయమైంది. 1799లో ఓవెన్, ఆయన భాగస్వాములు కలిసి ఆ మిల్లులను, ఊరినీ 60 వేల పౌన్లకు కొన్నారు. అదే సంవత్సరం సెప్టెంబరులో కరొలైన్‌తో పెళ్ళి జరిగింది. 1800 జనవరి నుంచి మిల్లు ఆయన చేతికి వచ్చింది.

ఊరి జనం సుమారు రెండు వేలు. వారిలో నాలుగైదు వందల మంది పిల్లలు. ఎడింబరో, గ్లాస్గో పట్నాల అనాథ శరణాలయాల నుంచి అయిదారేళ్ళ వయసులోనే తెచ్చినవాళ్ళు. డేల్ దయగలవాడే. తిండి, బట్ట, పడక బాగానే చూశాడు. కానీ పొద్దున ఆరు నుంచి రాత్రి ఏడు దాకా యంత్రం దగ్గర నిలబడిన పసివాడికి, ఆ తర్వాత రాత్రి బడిలో కూర్చోబెడితే చదువు ఏమి ఎక్కుతుంది? నిద్రే వస్తుంది. పెద్దవాళ్ళలో తాగుడు, దొంగతనం ఎక్కువ. కొత్త దొర పరాయి ప్రాంతం వాడని వాళ్ళకు అనుమానం.

ఓవెన్ ఎవరినీ కొట్టించలేదు, జైలుకు పంపలేదు. శరణాలయం పిల్లల్ని తేవటం ఆపించారు. పదేళ్ళు నిండని పిల్లల్ని మిల్లులోకి రానివ్వలేదు. ఇళ్ళకు గదులు పెంచారు. వీధులు ఊడిపించారు. ఇళ్ళు శుభ్రంగా ఉన్నాయో లేదో చూసేందుకు ఒక కమిటీ వేస్తే ఆడవాళ్ళకు కోపం వచ్చి వాళ్ళకు నల్లులు పట్టేవాళ్ళని పేరు పెట్టారు.

ఊళ్ళో కొట్టువాళ్ళు నాసి సరుకు ఎక్కువ ధరకు అరువిచ్చి జనాన్ని పీల్చుకు తింటుంటే, ఓవెన్ సరుకు టోకున కొని తెచ్చి మిల్లు కొట్టులో కొన్న ధర మీద స్వల్పంగా వేసి అమ్మించారు. దానివల్ల కుటుంబాల ఖర్చు బాగా తగ్గింది. ఆ కొట్టు మీద మిగిలిన డబ్బు బడికి పోయేది. ప్రతి పనివాడి కూలిలో అరవయ్యో వంతు తీసి జబ్బు పడ్డవారి కోసం, ముసలివారి కోసం నిధి పెట్టారు.

తిట్టే మేస్త్రీకి బదులు ప్రతి పనివాడి దగ్గర ఒక చిన్న కొయ్యముక్క వేలాడదీయించారు. దానికి నాలుగు పక్కలా నాలుగు రంగులు. నలుపు వైపు తిప్పి ఉంటే నిన్నటి పని చెడ్డది. నీలం అయితే అంతంత మాత్రం. పసుపు అయితే మంచిది. తెలుపు అయితే చాలా మంచిది. ఓవెన్ మిల్లులో నడిచిపోతూ కొయ్యముక్క చూసి, మనిషిని చూసి, ఒక్క మాట అనకుండా వెళ్ళేవారు. మొదట్లో నలుపు ఎక్కువ కనిపించేది. రానురాను పసుపు, తెలుపు పెరిగాయి.

ఇంత చేసినా జనానికి నమ్మకం కుదిరింది మాత్రం ఒక కష్టకాలంలో. బ్రిటన్‌తో తగాదా వచ్చి అమెరికా పత్తి ఎగుమతి ఆపేసింది. మిల్లులు మూతపడ్డాయి. మిగతా యజమానులు పనివాళ్ళను వీధిన పడేశారు. ఓవెన్ నాలుగు నెలల పాటు యంత్రాలు తుడిపించి, నూనె వేయించి, అందరికీ పూర్తి కూలి ఇచ్చారు. ఏడు వేల పౌన్లకు పైగా ఖర్చయింది. ఆ తర్వాత ఆయన మాటకు ఊళ్ళో ఎదురు లేదు.

భాగస్వాములతో తగాదా

ఊరు బాగుపడుతున్నా భాగస్వాములకు రుచించలేదు. బడి కట్టటం, ఇళ్ళు బాగుచేయించటం తమ లాభంలో కోత అని వాళ్ళ వాదన. 1813లో మిల్లును వేలానికి పెట్టించారు. ఓవెన్‌ను వెళ్ళగొట్టి చవకగా కొట్టేయాలన్నది వాళ్ళ ఎత్తు. ఆయన లండన్ వెళ్ళి కొత్త భాగస్వాముల్ని కూడగట్టారు. వారిలో పేరుమోసిన న్యాయశాస్త్ర పండితుడు జెరిమీ బెంథామ్, విలియమ్ అలెన్ అనే పరోపకారి ఉన్నారు. పెట్టిన డబ్బుకు ఏటా నూటికి అయిదు చొప్పున తీసుకుంటామని, ఆపైన మిగిలేది పిల్లల చదువుకూ పనివాళ్ళ మేలుకూ పోవాలని ఒప్పందం. వేలంలో 1,14,100 పౌన్లకు మిల్లు మళ్ళీ ఓవెన్‌కే వచ్చింది. ఆయన ఊరికి తిరిగి వస్తుంటే జనం బండి గుర్రాలను విప్పేసి, బండిని తామే లాక్కుంటూ తీసుకువచ్చారు.

1816 జనవరి 1న ఊళ్ళో కొత్త బడి తెరిచారు. నడక వచ్చిన పసిపిల్లల దగ్గర నుంచి అందులో చేర్చుకున్నారు. బెత్తం లేదు, తిట్లు లేవు. గోడల మీద జంతువుల బొమ్మలు, పెద్ద పటాలు, పాట, ఆట. పసిపిల్లల తరగతికి పంతులుగా ఒక నేతపనివాడిని, తోడుగా పదిహేడేళ్ళ మిల్లు అమ్మాయిని పెట్టారు. వాళ్ళకు చదువు పెద్దగా లేకపోయినా పిల్లల మీద ప్రేమ, ఓర్పు ఉన్నాయని వాళ్ళను ఎంచుకున్నారు. అదే ఏడు పని గంటలు తగ్గించారు. తిండి విరామం పోను పది ముప్పావు గంటలు పని. బయట మిల్లుల్లో పదమూడు, పధ్నాలుగు గంటలు నడుస్తున్న రోజులవి. అయినా న్యూ లానార్క్ మిల్లు లాభం తగ్గలేదు. దేశదేశాల నుంచి వేల మంది చూడటానికి వచ్చారు. తర్వాత రష్యా చక్రవర్తి అయిన నికొలాస్ కూడా ఆ వచ్చినవారిలో ఉన్నాడు.

లాభం ఎక్కడి నుంచి వచ్చింది?

మరొకరైతే ఈ కీర్తితో తృప్తి పడేవారు. ఓవెన్ అక్కడ ఆగలేదు. పనివాళ్ళు సుఖంగానే ఉన్నారు. కానీ తాను దయ తలిస్తేనే ఆ సుఖం. తాను కాదంటే రేపే పోతుంది. అంటే వాళ్ళు ఇంకా తన దయ మీద బతికే బానిసలే అని ఆయనకు తోచింది.

ఆ తర్వాత ఒక లెక్క వేశారు. పిల్లాపెద్దా కలిపి రెండున్నర వేల మంది ఉన్న ఈ ఊరు యంత్రాల సాయంతో తీస్తున్న సరుకు, యాభై ఏళ్ళ కిందట అయితే ఆరు లక్షల జనాభా శ్రమ పడితే గాని వచ్చేది కాదు. మరి రెండున్నర వేల మంది తిన్నది పోను, ఆరు లక్షల మంది తినవలసిన మిగులు ఎటు పోయింది? యజమానుల పెట్టుబడికి నూటికి అయిదు వడ్డీ కింద పోయింది. అది కాక మూడు లక్షల పౌన్లకు పైగా లాభం కింద పోయింది.

దీన్ని మన ఊరి మాటల్లో చెప్పాలంటే రైస్ మిల్లును తలుచుకుంటే చాలు. రోకళ్ళతో వడ్లు దంచిన రోజుల్లో పది మంది ఆడకూలీలు రోజంతా దంచిన బియ్యాన్ని మిల్లు కొద్దిసేపట్లో ఆడించేస్తుంది. శ్రమ తగ్గింది, బియ్యం పెరిగింది. ఆ మేలు పది మందికీ అందాలి. కానీ తొమ్మిది మందికి పని పోతుంది. మిగిలిన ఒక్కరికీ కూలి పెరగదు. తప్పు యంత్రానిది కాదు. యంత్రం ఎవరిదన్నదే ప్రశ్న. దంచే పది మందిదే ఆ మిల్లు అయితే పని తగ్గేది, తిండి తగ్గేది కాదు.

1815లో నెపోలియన్ యుద్ధాలు ముగిశాక ఇంగ్లండులో ఇదే జరిగింది. గోదాముల నిండా సరుకు, వీధుల నిండా పనిలేని జనం. యుద్ధమే పెద్ద కొనుగోలుదారు, అది ఆగింది. పనివాడికి కూలి చాలినంత ఇవ్వకపోతే వాడు చేసిన సరుకు వాడే కొనలేడని, అప్పుడు యజమాని గోదామూ నిండే ఉంటుందని ఓవెన్ వాదించారు. డబ్బు పెట్టినవాడు నష్టానికి కూడా సిద్ధపడతాడు గనక లాభం అతనిదేనని యజమానులు అనేవారు. ఆ డబ్బుకు న్యాయమైన వడ్డీ ఇవ్వటానికి ఓవెన్‌కు అభ్యంతరం లేదు. వడ్డీతో సరిపెట్టక, ఊరంతా చేసిన కష్టం మీద పెత్తనం కూడా డబ్బుకే ఎందుకు అన్నదే ఆయన ప్రశ్న.

మామూలు కంపెనీలో డబ్బు మనిషిని కూలికి పెట్టుకుంటుంది. కార్మికుల సహకార సంఘంలో మనుషులే డబ్బును అద్దెకు తెచ్చుకుంటారు. తేడా అంతా ఇందులోనే ఉంది.

దూరమైన పెద్దలు

పిల్లల పని గంటల మీద చట్టం తేవాలని ఓవెన్ 1815 నుంచి పార్లమెంటు చుట్టూ తిరిగారు. పదేళ్ళ లోపు పిల్లలకు పని వద్దని, పదిన్నర గంటలకు మించి పని వద్దని, తనిఖీ అధికారులు ఉండాలని ఆయన కోరారు. మిల్లు యజమానులు అడ్డం తిరిగారు. 1819లో వచ్చిన చట్టం కోరలు తీసిన పాములా వచ్చింది. వయసు తొమ్మిది, పని పన్నెండు గంటలు, నూలు మిల్లులకే వర్తింపు, తనిఖీ అధికారులు లేరు.

పేదలకు ధర్మం చేయటం కాదు, భూమీ పనిముట్లూ ఇచ్చి ఊళ్ళు కట్టించండి అని 1817లో ఆయన ప్రభుత్వానికి చెప్పారు. సుమారు 1,200 మంది ఉండే ఊరు. చుట్టూ పొలం, పక్కనే చిన్న ఫ్యాక్టరీలు. అందరూ కలిసి పని చేసి కలిసి అనుభవించాలి. ఈ ఆలోచన అచ్చయిన పత్రికలను వేల సంఖ్యలో కొని దేశమంతా పంచారు. ఆ మోతకు లండన్ నుంచి బయలుదేరే టపా బళ్ళు కూడా ఆలస్యమయ్యాయని ఆయన రాసుకున్నారు. అదే ఏడు ఆగస్టులో నిండు సభలో మతాలన్నీ మనుషుల మధ్య గోడలు కట్టాయని అన్నారు. అంతవరకు మెచ్చుకున్న బిషప్పులు, ప్రభువులు చాలామంది తప్పుకున్నారు. సొంత భాగస్వాములు కూడా బడిలో ఆటపాటల మీద అభ్యంతరం పెట్టసాగారు. చివరికి 1828లో న్యూ లానార్క్‌తో ఆయన సంబంధం తెగిపోయింది. మిల్లు వేరేవాళ్ళ చేతికి వెళ్ళింది. ఆ మార్పులో పనివాళ్ళను అడిగినవారు లేరు. ఎందుకంటే ఎంత బాగా బతికినా వాళ్ళు అందులో వాటాదారులు కారు.

అమెరికాలో ఎదురుదెబ్బ

అంతకు ముందే, 1825లో ఓవెన్ అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో వాబాష్ నది ఒడ్డున ఒక ఊరిని కొన్నారు. సుమారు 20 వేల ఎకరాలు. దానికి న్యూ హార్మనీ అని పేరు పెట్టారు. ఎవరైనా రావచ్చన్నారు. ఎనిమిది వందల మందికి పైగా వచ్చారు. పండితులు వచ్చారు, ఆదర్శవాదులు వచ్చారు, ఊరికే తిని కూర్చోవచ్చని సోమరులూ వచ్చారు. నాగలి పట్టేవాడు, కమ్మరి, వడ్రంగి మాత్రం చాలినంత మంది రాలేదు. కష్టపడినవాడికీ పడనివాడికీ ఒకటే తిండి అయ్యేసరికి కష్టపడేవాడికి కడుపు మండింది. నియమాలు మాటిమాటికి మారాయి. నడిపించవలసిన ఓవెన్ ప్రచారం కోసం ఊళ్ళు తిరుగుతూ చాలా కాలం అక్కడ లేరు. భూమి ఆయన పేరనే ఉండటంతో అది ఎవరి సొత్తో తేలక తగాదాలు ముదిరాయి. రెండేళ్ళకే, 1827లో, ఊరు ముక్కలైంది. ఓవెన్ ఆస్తిలో అయిదింట నాలుగు వంతులు హరించుకుపోయాయి.

కొడుకులు అమెరికాలోనే స్థిరపడ్డారు. పెద్ద కొడుకు రాబర్ట్ డేల్ ఓవెన్ అక్కడి పార్లమెంటు సభ్యుడయ్యాడు. ఓవెన్ మాత్రం బ్రిటన్ తిరిగి వచ్చారు. భార్య కరొలైన్ 1831లో చనిపోయింది. లోకం కోసం తిరిగిన మనిషి ఇంటికి ఏళ్ళ తరబడి చుట్టంలాగే ఉన్నారు.

కూలీల మధ్య

తిరిగి వచ్చేసరికి ఆయన ఎదురుచూడనిది ఒకటి జరిగింది. పెద్దలు వదిలేసిన ఆయన మాటలను కూలీలు పట్టుకున్నారు. ఊరూరా చిన్న చిన్న సహకార కొట్లు, సంఘాలు లేచాయి. 1832లో ఓవెన్ లండన్‌లో ఒక శ్రమ మారకపు బజారు పెట్టించారు. దర్జీ తాను కుట్టిన కోటు, చెప్పులు కుట్టేవాడు తాను కుట్టిన జోడు తెచ్చి ఇచ్చి, దానికి పట్టిన పని గంటల లెక్కన చీటీ తీసుకోవాలి. ఆ చీటీతో అంతే గంటల పని పట్టిన మరో వస్తువు కొనుక్కోవచ్చు. మధ్య దళారీ లేడు. మొదట జనం ఎగబడ్డారు. కానీ పనికొచ్చే వస్తువులు పొద్దునే వెళ్ళిపోయి, ఎవరికీ అక్కరలేనివి పేరుకుపోయేవి. అన్నిటికన్నా ముఖ్యమైన తిండి సరుకు తెచ్చే రైతు ఆ బజారులో లేడు. చీటీలు తిని బతకలేరు గదా. 1834లో అది మూతపడింది.

అదే సంవత్సరం దేశంలోని అన్ని పనివాళ్ళ సంఘాలను కలిపి ఒకే పెద్ద సంఘం కట్టే ప్రయత్నం జరిగింది. ఓవెన్ దానికి అండగా నిలిచారు. అప్పుడే డోర్సెట్ జిల్లాలో టోల్‌పడిల్ అనే పల్లెలో ఆరుగురు వ్యవసాయ కూలీలు, కూలి తగ్గిస్తున్నారని సంఘం పెట్టుకున్నందుకు, ఏడేళ్ళు ప్రవాస శిక్ష పడి ఆస్ట్రేలియా ఓడ ఎక్కించబడ్డారు. వారిని విడిపించాలని లండన్‌లో జరిగిన భారీ ఊరేగింపులో అరవై రెండేళ్ళ ఓవెన్ కదిలారు. 1836లో ప్రభుత్వం వారికి క్షమాభిక్ష ఇచ్చింది. కానీ ఆ పెద్ద సంఘం ఏడాది తిరగకుండానే చెదిరిపోయింది.

ఇరవై ఎనిమిది మంది, ఇరవై ఎనిమిది పౌన్లు

ఓవెన్ లక్షలు పెట్టి సాధించలేనిదాన్ని రాచ్‌డేల్ అనే మిల్లు పట్నంలో కొందరు పేదలు సాధించారు. 28 మంది. ఎక్కువ మంది నేతపనివాళ్ళు, వారిలో కొందరు ఓవెన్ శిష్యులు. వారానికి రెండు, మూడు పెన్నీల చొప్పున దాచి 28 పౌన్లు పోగు చేశారు. 1844 డిసెంబరు 21 రాత్రి టోడ్ లేన్ అనే సందులో ఒక కొట్టు తెరిచారు. సరుకు ఏమిటంటే కొంచెం పిండి, వెన్న, పంచదార, ఓట్ల పిండి, కొవ్వొత్తులు. వీధి పిల్లలు చూసి గేలి చేశారు.

వాళ్ళ నియమాలు మాత్రం గట్టివి. కల్తీ లేదు, తూకంలో మోసం లేదు. అరువు లేదు. ఎన్ని వాటాలున్నా మనిషికి ఒక్కటే ఓటు. పెట్టుబడికి పరిమితమైన వడ్డీ. మిగిలిన లాభం ఎవరు ఎంత సరుకు కొన్నారో దాన్ని బట్టి వారికే పంపకం. ఇవాళ ప్రపంచంలో సహకార సంఘాల సూత్రాలన్నీ ఆ సందు కొట్టు నుంచి పెరిగినవే.

ఆ రాచ్‌డేల్ వాళ్ళకే తర్వాత ఒక గుణపాఠం కూడా ఎదురైంది. 1854లో వాళ్ళు సహకార నూలు మిల్లు పెట్టారు. లాభంలో వాటాదారుకూ పనివాడికీ ఇద్దరికీ పాలు ఉండాలని రాసుకున్నారు. మిల్లు లాభాలు చూసి, అందులో పని చేయని బయటివాళ్ళు వాటాలు కొని పెరిగిపోయారు. 1862లో ఓట్లు వేసి పనివాళ్ళ పాలు తీసేశారు. బోర్డు మీద సహకారం అన్న మాట ఉన్నంత మాత్రాన చాలదని, పనిచేసేవారి చేతిలో ఓటు ఉండాలని అది తేల్చింది.

సొంత ఊరికి చేరి

ముసలితనంలో ఓవెన్ చేతిలో ఆస్తి లేదు. కొడుకులు ఇచ్చే డబ్బుతో గడుపుకుంటూ రాస్తూ, ఉపన్యాసాలు ఇస్తూ ఉండేవారు. చివరి ఏళ్ళలో ఆత్మలతో మాట్లాడటం మీద నమ్మకం పెంచుకుంటే శిష్యులే నొచ్చుకున్నారు. 1858లో లివర్‌పూల్ సభలో మాట్లాడటానికి లేచి కుప్పకూలారు. కొంచెం కోలుకోగానే పుట్టిన ఊరు చూడాలన్నారు. తాను పుట్టిన ఇంటి పక్కనే ఉన్న హోటల్లో బస చేసి, ఆ ఏడు నవంబరు 17న, 87 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. తల్లిదండ్రుల సమాధి దగ్గరే సెవర్న్ నది పక్కన పాత చర్చి ఆవరణలో ఖననం చేశారు. 1902లో సహకార సంఘాల వాళ్ళు చందాలు వేసుకుని ఆ సమాధిని బాగు చేయించారు. న్యూ లానార్క్ మిల్లు 1968 దాకా నడిచి మూతపడింది. 2001లో ఆ ఊరిని ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తించారు.

ఓవెన్ పెద్దమనిషి తరహాలో పైనుంచి మేలు చేయాలని చూశారు గాని, కూలివాడు తనంతట తాను పాలించుకోగలడని మొదట్లో నమ్మలేదు. ఆయనది కలల సోషలిజమని మార్క్స్, ఎంగెల్స్ విమర్శించారు. అయినా పనివాళ్ళ మేలు కోసం ఇంగ్లండులో అప్పుడు జరిగిన ప్రతి ముందడుగుతోనూ ఓవెన్ పేరు ముడిపడి ఉందని ఎంగెల్స్ ఒప్పుకున్నాడు.

ఆ దారిలో నడిచినవారు

మన దేశంలో సహకార పరపతి సంఘాల చట్టం 1904లో వచ్చింది. 1912 చట్టంతో మిగతా పనులకూ సంఘాలు పెట్టుకునే వీలు కలిగింది. అప్పు ఇచ్చే సంఘాలు ఊరూరా వచ్చాయి గాని, పనిచేసేవారే యజమానులైన సంఘాలు తక్కువ. ఉన్నవాటిలో కొన్ని గట్టిగా నిలిచాయి. కేరళలో వటకర దగ్గర ఊరాళుంగల్ అనే చోట 1925లో పద్నాలుగు మంది కూలీలు వాగ్భటానంద గురువు ప్రోద్బలంతో కూలి కాంట్రాక్టు సంఘం పెట్టుకున్నారు. పై కులాల వాళ్ళు పని ఇవ్వకపోతే పనిని తామే వెతుక్కోవాలన్నది వాళ్ళ పట్టుదల. వేల మంది కూలీలతో అది రోడ్లు, వంతెనలు కట్టే సంస్థగా ఎదిగింది. 1957లో కాఫీ బోర్డు కాఫీ హౌసులను మూసేస్తుంటే, ఏ.కె. గోపాలన్ చొరవతో పనివాళ్ళే సంఘాలు పెట్టుకుని వాటిని నడుపుకున్నారు. స్పెయిన్‌లోని మాండ్రగాన్ పట్నంలో ఒక మతాచార్యుని శిష్యులు అయిదుగురు 1956లో మొదలుపెట్టిన కార్మిక సహకార ఫ్యాక్టరీ పదుల వేల మంది పనిచేసే సంస్థల సముదాయంగా పెరిగింది.

మన దగ్గర అప్పటి కరీంనగర్ జిల్లా ముల్కనూరులో 1956లో రైతులు పెట్టుకున్న సహకార సంఘం, సభ్యుల డబ్బు మీద, సభ్యుల నిఘా మీద నిలిచి పేరు తెచ్చుకుంది. ప్రభుత్వ వాటా, ప్రభుత్వ పెత్తనం లేకుండా సంఘాలు నడుపుకోవటానికి 1995లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం వచ్చింది.

సంఘం అంటే సర్కారు ఆఫీసు అనుకున్న చోట, సంఘం అంటే అధ్యక్షుని సొంత ఇల్లు అనుకున్న చోట అది చెడిపోయింది. సర్వసభ్య సమావేశానికి వెళ్ళి లెక్కలు అడిగే సభ్యుడున్న చోట నిలిచింది. న్యూ లానార్క్‌లో ఓవెన్ లాంటి మంచి దొర ఉన్నా, ఆయన వెళ్ళిపోయేసరికి జనానికి ఏ హక్కూ మిగలలేదు. రాచ్‌డేల్‌లో దొర లేడు. రెండు మూడు పెన్నీలు, ఒక్కొక్క ఓటు ఉన్నాయి. మంచి దొర కోసం ఎదురుచూడటం కన్నా ఆ పెన్నీలూ ఆ ఓటూ మేలని ఓవెన్ జీవితం చెబుతున్నది.